సూది కింద గుడ్డ

పేగుల జబ్బు ముదిరాక టైలరు కుట్టుమిషన్ దగ్గరకన్నా బాత్రూములోనే ఎక్కువ కూర్చునేవాడు. కొత్త ఇంజెక్షన్లు పడ్డాకే కుదురుగా కూర్చుని ఒక చొక్కా పూర్తి చేయగలుగుతున్నాడు. "ఈ మందుకు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గి టీబీ రావచ్చు. దగ్గు పట్టుకుంటే వెంటనే రండి, ఇంజెక్షన్ ఆపి చూడాలి," అంది డాక్టరమ్మ. అందులో "ఆపి" అన్న మాటే అతని చెవుల్లో గింగురుమంటోంది. అందుకే నెలరోజులుగా దగ్గు తెర వచ్చినప్పుడల్లా, కుట్టడానికి ఇచ్చిన వాళ్ల బట్ట మీద తుంపర పడకుండా దాన్ని పక్కకు తీసి, భార్యకు వినబడకుండా మిషన్ గడగడా తొక్కుతాడు. సాయంత్రాలు జ్వరంతో ఒళ్లు కాలితే నేరం ఇస్త్రీపెట్టె మీదికి నెట్టేస్తాడు. ఇవాళ తొక్కుతుండగా భార్య వంటింట్లోంచి వచ్చి చక్రం మీద చెయ్యి వేసింది.

"ఎవరికయ్యా ఈ చొక్కా? సూది కింద గుడ్డే లేదు."

మిషన్ ఆగింది. దగ్గు ఆగలేదు.