ఆర్లిస్ అడిగిన దారి

నా స్నేహితురాలు ఆర్లిస్‌కు అరవై తొమ్మిదేళ్లు. ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. బడి బస్సు నడుపుతూ ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చోబెట్టినందుకు ఇప్పుడు కాళ్లు కసి తీర్చుకుంటున్నాయని ఎగతాళి చేసేదాన్ని.

మంచు కరిగితే చాలు, చిన్న పడవను భుజాన వేసుకుని హెరాన్ సరస్సుకు బయలుదేరేది. వెనక గాలాలతో నేను. రోడ్డు నుంచి నీళ్లకు ఉన్నది ఒకటే కాలిదారి, ముసలి హాల్వర్ స్థలంలోంచి. చేపలకైనా, అవతలి ఒడ్డున సర్కారు అడవిలో గుడారాలు వేసుకోవాలన్నా ఊరంతా అటే పోవాలి. ఆర్లిస్ మాత్రం ఏటా మే నెలలో బ్లూబెర్రీ జామ్ సీసాతో ఆయన తలుపు తట్టేది.

"ఈ ఏడు కూడా వెళ్లొచ్చా?"

"ఏటా ఈ అడగడమేంటమ్మా, వెళ్లు!"

బస్సెక్కిన పిల్లలకూ అదే నేర్పింది, అడిగి వెళ్లమని.

హాల్వర్ పోయాడు. స్థలం కొన్న బ్రైస్ అనే పెద్దమనిషి మొదటి వారమే దారికి అడ్డంగా గొలుసు కట్టాడు. మేం కోర్టుకెక్కాం. ఇరవై ఏళ్లు ఎవరి అనుమతీ లేకుండా జనం నడిస్తే ఆ దారి జనానిదేనని మా వకీలు చెప్పాడు. అడిగి నడిస్తే మాత్రం అది యజమాని దయే తప్ప హక్కు కాదట. ఆ మాట విన్నాక ఆర్లిస్ మా వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది.

"జామ్ సంగతి ఎత్తకే. ఎవరికి తెలుసు?" అన్నాను, సిగ్గు లేకుండా.

"నాకు తెలుసు గదే."

కోర్టులో బ్రైస్ వకీలు సూటిగా అదే అడిగాడు. ఆర్లిస్ టోపీ అంచు నలుపుతూ, "ఏటా అడిగాను. పిల్లల చేత కూడా అడిగించాను" అంది. అంటే ఇన్నేళ్లూ నడిచింది హాల్వర్ అనుమతితోనేనని జడ్జి తేల్చాడు. దారి పోయింది. ఊళ్లో కొందరు ఆమెతో మాటలు మానేశారు. నాకూ ఒళ్లు మండింది.

జూన్‌లో ఒక పొద్దున వచ్చి తలుపు బాదింది. "లేవే, పాత బూట్లు వేసుకో!"

రోడ్డు వంతెన కింద, సరస్సులో కలిసే వాగులోకి దిగాం. మా విస్కాన్సిన్ రాష్ట్ర చట్టం ప్రకారం నీళ్లు అందరివీ. కాళ్లు నీళ్లలో ఉన్నంతసేపు ఎవరూ ఆపలేరు. దోమలు పీక్కుతింటుంటే, రెండు మైళ్లు మోకాలి లోతు బురదలో పడవను ఈడ్చుకుంటూ సరస్సు చేరాం. బ్రైస్ తన రేవు మీద కాఫీ తాగుతున్నాడు.

"ఎవర్నడిగి వచ్చారు?" అని అరిచాడు.

ఆర్లిస్ పడవ అంచు పట్టుకుని నీళ్లలోనే ఆగింది. "ఎవర్నీ అడగలేదు నాయనా. ఇకమీదట అడగం."

ఆ మాట అనడానికి ఆమెకెంత కష్టమైందో నాకు తెలుసు. అవతలి ఒడ్డున సంచి విప్పితే రొట్టెల పక్కన జామ్ సీసా కనిపించింది. అలవాటు కొద్దీ తెచ్చేసిందట. మూత తీసి నా చేతిలో పెట్టింది.


"తినవే. ఇంకెవరికివ్వాలి?"