ఐసులో పెట్టిన పాటలు

మా తోడల్లుడు పటమటలో కంప్యూటర్ నేర్పేవాడు. నేను భవానీపురంలో చేపలు అమ్మేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. అతను డిగ్రీ అయిపోయినా చదువును వదల్లేదు. వాళ్లింటికి కంప్యూటర్ వచ్చిన రోజు మా అత్తగారు దానికి బొట్టుపెట్టి, నా వైపు చూడకుండా, "చదువుకున్న అల్లుడి ఇంటి కళే వేరు" అన్నారు. చూసి అన్నమాటకంటే చూడకుండా అన్నమాట గట్టిగా తగులుతుంది. నెల తిరక్కుండా నేనూ ఒకటి కొన్నాను. దానికింద వేసిన బల్ల అతని బల్లకంటే పెద్దది.

కొన్నాక దాంతో ఏం చెయ్యాలో తెలియక కొన్నాళ్లు పేకాట ఆడాను. ఈలోగా మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ మా ఇంట్లో ఉండడానికి వచ్చింది. పెళ్లి భోజనాల దగ్గర మగపెళ్లివారిని ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు పాటలు కట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్లు లేరు. ఆ గొంతు కంప్యూటర్లో దాచాలని మా ఆవిడ పట్టుబట్టింది. మైకు తగిలించడానికి తోడల్లుణ్ణి పిలిచింది. నా ఇంట్లో, నా కంప్యూటర్‌కి, అతను.

ముసలమ్మ నామీద రెండు ముక్కలు పాడింది.

"చేపలమ్మే మనవడొచ్చె ముక్కు ముయ్యండే
బేరమాడి బువ్వ తింటడు, పీట వెయ్యండే"

నాకు ప్రాణం లేచొచ్చింది. అలాంటి పాటలో వెక్కిరింపు దక్కడమే మర్యాద. ఆ తర్వాత తోడల్లుడి మీద ఎత్తుకుంది. అది ఎంతకీ అయిపోదే. అంతా పొగడ్తే. "చదువుకున్న మనవడమ్మా చల్లనోడమ్మా, చందమామకన్న వాడు తెల్లనోడమ్మా" అనేసరికి నాకు ఇంక నవ్వాగలేదు. అతను నాకంటే ఒక చాయ నలుపు.

"అమ్మమ్మా, కరెంటు పోయిందా ఏంటి? నీకు సరిగ్గా కనపడుతున్నట్టు లేదు" అని పగలబడి నవ్వాను. మా ఆవిడ తొడమీద గిల్లింది. ముసలమ్మ మాత్రం ఆపలేదు, నా నవ్వుమీదుగానే పాడుకుపోయింది.

ఆ ఎండాకాలమే అమ్మమ్మ పోయింది. ఆమె గొంతు మా కంప్యూటర్లో మిగిలింది. మా అత్తగారు కూడా వినడానికి మా ఇంటికే వచ్చేవారు. ఆ కొద్దిరోజులూ పటమటకంటే భవానీపురమే కళగా ఉంది.

ఒకరోజు పొద్దున మీట నొక్కితే లోపల్నించి టక్కుటక్కుమని చప్పుడు వచ్చింది. తెర నల్లగా ఉండిపోయింది. హార్డ్ డిస్కు పోయింది.

"అమ్మమ్మ పాటలు అందులోనే ఉన్నాయండీ" అంది మా ఆవిడ. "మరిదిగారికి ఫోన్ చేస్తాను."

"అతనెందుకు, నేను చూస్తాగా."

"చూడ్డానికి అదేమన్నా చేప మొప్పా?"

అని, నా కళ్లముందే ఫోన్ చేసింది. విన్నది విన్నట్టు నాకు చెబుతోంది. ఆదివారం వస్తాడట. చెడిపోయిన డిస్కును బాగా చల్లబరిస్తే ఒక్కోసారి కాసేపు పనిచేస్తుందట. ఇంకా ఏదో చెప్పబోయింది. తడి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలన్న ముక్క అదని తర్వాత తెలిసింది. నేను వినలేదు. చల్లబరచడం కూడా అతనే నాకు నేర్పాలా?

మరలు విప్పి డిస్కు బయటికి తీశాను. థర్మోకోల్ పెట్టెలో అడుగున నలగ్గొట్టిన ఐసు, దానిమీద డిస్కు, పైన మళ్లీ ఐసు. కలకత్తా పంపే సరుక్కి కూడా అంత శ్రద్ధగా పెట్టి ఉండను. పొద్దున్నే నీళ్లు వంచేసి కొత్త ఐసు వేసేవాణ్ణి.

ఆదివారం తోడల్లుడు వచ్చి మూత తీశాడు. వాసన చూశాడు. డిస్కు పైకెత్తితే దాంట్లోంచి నీళ్లు కారాయి.

"అన్నయ్యగారూ, దీన్ని బాగుచెయ్యమంటారా, పులుసు పెట్టమంటారా?"

నేను వేయాల్సిన జోకు అతను వేశాడు. మా ఆవిడ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. అప్పుడు భయమేసింది నాకు.

"ఏడవకండి వదినగారూ. పాటల కోసమని ఫోన్లో చెప్పారు కాదు, అమ్మమ్మ పాడిన రోజే నేనొక సీడీ రాసుకుని వెళ్లాను. మా బీరువాలో భద్రంగా ఉంది" అన్నాడతను.

మా ఆవిడ అతని వంక చూసిన చూపు ఉంది చూశారూ, మొదటిరకం పండుగప్ప చేప తెచ్చి చేతిలో పెట్టిన రోజున కూడా నావంక అలా చూడలేదు. పాటలు దక్కాయని నాకూ సంతోషమే. అతని బీరువాలో దక్కాయే అని కడుపు మండింది. ఇకనుంచి అత్తగారు పటమట వెళ్లి వింటారు.

సాయంత్రం మేమూ వెళ్లాం. మరదలు కాఫీలు ఇచ్చింది. అత్తగారు అప్పటికే ముందు కుర్చీలో ఉన్నారు. తోడల్లుడు సీడీ పెట్టి, పెద్ద స్పీకర్లు మావైపు తిప్పాడు. నా రెండు ముక్కలూ వచ్చి వెళ్లాయి. అతని పాట మొదలైంది. చందమామ దగ్గరికి రాగానే రెండు స్పీకర్లలోంచీ నా గొంతు వచ్చింది, వెనకే నా నవ్వు. అతను సౌండు తగ్గించబోయాడు.

"తగ్గించకండి మరిదిగారూ, అమ్మమ్మ గొంతు కూడా తగ్గిపోతుంది" అంది మా ఆవిడ.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాట అయ్యాక నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, "మీ నవ్వొక్కటే తీసేద్దామని చాలా తంటాలు పడ్డానండీ. తీస్తే అమ్మమ్మ కూడా పోతోంది" అన్నాడు.

మరదల్ని ఇంకో కాఫీ అడిగాను. మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాను.