గట్టయ్య సీటీ

గట్టయ్యకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు బొగ్గు గనిలో సర్దారుగా చేసి, రాజురాలో ఇల్లు కట్టుకున్నాక కూడా కాలుగాలిన పిల్లిలాగే తిరుగుతుంటాడు. పని మొదలుకాకముందే గని గోడలూ అంచులూ చూసి, మనుషులు దిగొచ్చో లేదో చెప్పడం సర్దారు పని. ఆ చూపు రిటైరవలేదు. అన్నం మధ్యలో లేచి ఇంటి గోడ చూసొస్తాడు. భార్య సారక్క తిట్టీ తిట్టీ ఊరుకుంది. గనిలో ప్రమాదమొస్తే ఊదే ఈల, ఆ పాత సీటీ, ఇంకా తాళంచెవుల గుత్తికే వేలాడుతుంటుంది.

అలాంటి మనిషిని కూతురు స్నేహలత చంద్రపూర్‌లో గనుల సదస్సుకు తీసుకెళ్లింది. ఆమె ఒక ప్రైవేటు గనిలో ఇంజనీరు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే పద్ధతి గురించి ఆ రోజు మొదటిసారి పెద్దల ముందు మాట్లాడబోతోంది. కారు బల్లార్‌పూర్ దాటేదాకా తండ్రికి మర్యాదలు నేర్పుతూనే ఉంది. ఫోను బంద్ పెట్టాలి, నడుమ లేవకూడదు, అధ్యక్షుడు అడగమన్నాకే చెయ్యెత్తి ప్రశ్న అడగాలి, భోజనాల దగ్గర తోసుకోకూడదు, "నా బిడ్డ" అని పక్కవాళ్లకు చెప్పకూడదు. గట్టయ్య అన్నిటికీ తలూపాడు. ఆ చివరిదాన్ని గుమ్మం దగ్గర బ్యాడ్జీలిచ్చే అతని ముందే తప్పాడు.

స్నేహలత బాగానే మాట్లాడుతోంది. రెండో బొమ్మ తెర మీదికి వచ్చింది. వాళ్ల గనిలోనే నిన్న ఉదయం తీసిందట. ట్యాంకరు నీళ్లు చల్లుతోంది, వెనక ఎత్తయిన మట్టిగోడ, గోడ కింద ఒక యంత్రం, ఇద్దరు మనుషులు. గోడ పైఅంచు వెంబడి సన్నటి నల్లగీత. గట్టయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గీత అక్కడే ఉంది. పగులు.

లేవబోయి ఆగాడు. ముందు వరసలో ఆమె పై అధికారులు. పిల్లకు ఇదే మొదటిసారి. ప్రశ్నలప్పుడు అడుగుదామనుకున్నాడు. బొమ్మలు మారుతున్నాయి, ఆయన మోకాళ్లు ఆడుతున్నాయి. పక్కాయన విసుగ్గా చూశాడు. ఇప్పుడు కూడా అక్కడ పగటి షిఫ్టు నడుస్తోంది.

చప్పట్లు మొదలయ్యాయి. వేళ మించింది, ప్రశ్నలు లేవు, భోజనానికి పదండన్నాడు అధ్యక్షుడు. సదస్సుల సంగతి ఇంతే, శాలువాలకు అరగంట దొరుకుతుంది, ప్రశ్నకు అర నిమిషం దొరకదు.

గట్టయ్య సీటీ నోట్లో పెట్టి మూడుసార్లు గట్టిగా ఊదాడు.

హాల్లో సగం మంది గని మనుషులే. చప్పట్లు కొట్టే చేతులు ఆగిపోయాయి. లేచినవాళ్లు లేచినచోటే నిలబడ్డారు. ముందు వరసలో పెద్ద అధికారి కూడా కదల్లేదు. గనిలో సీటీ వినబడితే ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఊదింది కూలీ అయినా సరే.

"ఆ రెండో బొమ్మ మళ్ల పెట్టు బిడ్డా," అన్నాడు.

సిగ్గుతో స్నేహలత చెవులు ఎర్రబడ్డాయి. అయినా పెట్టింది. ఆయన వేదికెక్కి తెర మీద వేలుపెట్టి చూపించాడు. ఆమె ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడక్కుండా, అక్కడి నుంచే గనికి ఫోను చేసి మనుషుల్ని పక్కకు తప్పించమంది.

మూడు గంటలకు ఆ అంచు జారిపడిందని కబురొచ్చింది. కింద ఎవరూ లేరు. ఎందరో వచ్చి గట్టయ్య చేయి పట్టుకుని ఊపారు. ఆయన నవ్వలేదు.

తిరుగుదారిలో వార్ధా వంతెన దగ్గర స్నేహలత అంది: "ఆ ఫోటో నేను ఇరవైసార్లు చూసిన బాపూ. నీళ్లనే చూసిన. నువ్వు సీటీ ఊదినందుకు నాకు కోపం లేదు."

గట్టయ్య వంతెన గోడ వైపు చూశాడు.

"నా బాధ ఊదినందుకు గాదు బిడ్డా," అన్నాడు. "పన్నెండు నిమిషాలు ఊకె కూసున్న. నీ ఇజ్జత్ పోతదని. కింద ఇద్దరుండిరి."

స్నేహలత బండి పక్కకు ఆపింది.