చప్పట్లతో వచ్చిన అధ్యక్ష పదవి

ఇర్వింగ్‌లోని మా చిన్న తెలుగు సంఘానికి జయంతిగారు అధ్యక్షురాలా కాదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

పాత అధ్యక్షుడు రఘువీర్ ఉద్యోగం మారి వేరే రాష్ట్రంలోని బాతెల్‌కి వెళ్తూ హాలు తాళాలు ఆమె చేతిలో పెట్టారు. ఆ ఉగాది సభలో ఆమె మైకు అందుకుని, "ఇకనుంచి నేను చూసుకుంటాను. భోజనాలు రెడీ, పిల్లలు ముందు," అన్నారు. హాలంతా చప్పట్లు. మన సంఘాల్లో ఏకగ్రీవమంటే అదే కనుక, ఆమె దానిని ఎన్నికగానే స్వీకరించారు. పగలు పళ్ల డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్క్, సాయంత్రాలు సంఘం. ఆమె వచ్చాక సభలు వేళకు మొదలయ్యాయి. మైకు మాత్రం మరొకరికి దక్కలేదు. రెండూ నిజాలే.

ఈ వసంతంలో, కాలేజీలో ప్రాచీన చరిత్ర చదివే హంసిక సంఘం కమిటీ ముందు అనేసింది: "ఆంటీ, మీరు టైరెంట్."

"నియంతనా? మీ అమ్మకి బాగోనప్పుడు క్యారేజీలు పంపిందెవరే?"

"అయ్యో, తిట్టలేదు ఆంటీ! గ్రీక్‌లో 'తురన్నోస్' ఫస్ట్‌లో బ్యాడ్ వర్డ్ కాదు. వారసత్వం, రూల్ ఏమీ లేకుండా పవర్ తీసుకున్నవాడు, అంతే. కొందరు సిటీని బాగా రన్ చేశారు కూడా. వర్డ్ కూడా గ్రీకులది కాదంటారు. మేబీ పక్కనున్న లిడియా రాజ్యం నుంచి వచ్చింది, ఎవరికీ షూర్‌గా తెలీదు. చెడ్డ మీనింగ్ తర్వాత వచ్చింది."

"ఇంతకీ పొగిడావా, తిట్టావా?"

"నాకూ తెలీదు. మిమ్మల్ని ఎవరైనా ఎలెక్ట్ చేశారా?"

ఆ ప్రశ్న ఆమెను వదలలేదు. ఇంటికి వెళ్లి భర్త సత్యాన్ని నిలదీశారు. "ఆ ఉగాదికి మీరెందుకు చప్పట్లు కొట్టారు?"

"పులిహోర వాసన వచ్చింది కదా," అన్నారాయన. ఆమె ముఖం చూసి, "నీకోసం కూడా కొట్టాలే," అని చేర్చారు.

తరువాతి సభలో ఆమె తాళాలు బల్లమీద పెట్టారు. "నేను కావాలంటే చేతులెత్తండి. వద్దంటే ఎవరైనా ఇవి తీసుకోండి."

"అక్కా, ఓటింగ్ తర్వాత పెట్టుకుందాం, బిర్యానీ చల్లారిపోతోంది," అన్నదొక గొంతు.

"సరే, తినండి," అన్నారామె. హాలు చప్పట్లతో మారుమోగింది.

అందరూ తిని వెళ్లిపోయారు. తాళాలు బల్లమీదే ఉన్నాయి.

"ఆంటీ, లాక్ ఎవరు చేస్తారు?" అని అడిగింది హంసిక.

జయంతిగారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. "తెలీదమ్మా. ఇవాళ్టికి నేనే."