నాయన చెప్పిన క్రిస్మస్ కథ

మొన్న నేను పాఠాలు చెప్పే బడి లైబ్రరీకి వచ్చిన పెట్టె తెరిస్తే కొత్త కాగితం వాసన, పైనే నా చిన్ననాటి క్రిస్మస్ బొమ్మల పుస్తకం. అట్ట మారింది గాని, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుకుతూ మంచులో నడిచే ముసలాయన బొమ్మ అదే.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. నాయన గొర్రెలు కాసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా క్రిస్మస్‌కు టీచరమ్మ నాకు ఆ పుస్తకమిచ్చింది. అంతా ఇంగ్లీషు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చేది, నాయనకు అదీ రాదు. అయినా పొద్దుగూకే వేళ గొర్రెలను దొడ్డికి తోలి, కాళ్లు కడుక్కుని, వేయించిన శెనక్కాయలు ఒళ్లో పోసుకుని అరుగు మీద కూర్చుని, "యాడుండాదమ్మా ఆ బుక్కు, తే" అనేవాడు. బొమ్మలు చూసి కథ చెప్పేవాడు. మేమెన్నడూ మంచు చూడలేదు కాబట్టి ఆ తెల్లటి నేలంతా ఆయన లెక్కలో చౌడు.

"ఈ చౌట్లో గరికపోచ ల్యా. అందుకే పిల్ల మేతకు ఎటో పోయుండాది."

పిల్ల రోజుకొక చోట దొరికేది. ఒకరోజు పామిడి దగ్గర పెన్న ఏటి ఇసుకలో తవ్విన చెలమ పక్కన, ఇంకోరోజు కాయలు పీకేసిన శెనక్కాయ చేలో, మరోరోజు వేరెవరి మందలోనో, ఎవరి తల్లిగొర్రె దగ్గరో పాలు తాగుతూ. కరువు ఏళ్లలో మేత కోసం తాను మందను తోలుకుపోయిన ఊళ్లన్నీ ఆ పుస్తకంలోకి వచ్చేవి.

మరుసటేడు క్రిస్మస్‌కు ఆ కథనే సినిమాగా తీసినదాన్ని బడిలో వేశారు. కిటికీలు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టారు. నాయన కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. పెన్న వస్తుంది చూడండని వారం నుంచీ అందరికీ చెప్పిపెట్టుకున్నాను. పెన్న రాలేదు, చేనూ రాలేదు. గొర్రెపిల్ల ఒక పశువుల కొట్టంలో, అప్పుడే పుట్టిన బిడ్డ పక్కన వెచ్చగా పడుకుని ఉంది. పుస్తకంలోనూ ఇంతేనని టీచరమ్మ తెలుగులో విడమరిచి చెప్పింది.

"యాడ మే నీ పెన్న?" అని పక్కపిల్ల అడిగితే గదంతా నవ్వింది. నాయన వింటూనే ఉన్నాడు.

ఇంటికి పోయే దారిలో, "నాకంతా అబద్ధం చెప్పినావు" అన్నాను.

నాయన నడుస్తూనే అన్నాడు: "నాకు అచ్చరాలు రావు గదమ్మా. గొర్రెలు యాడికి పోతాయో తెలుసు. అదే చెప్పినా."

ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు, పుస్తకం అడగలేదు. నేనూ తేలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తేలేదు.

నాయన పోయి చాలా ఏళ్లయింది. మందలు మేసిన బీళ్లలో ఇప్పుడు సోలార్ పలకలు, చుట్టూ కంచె. పుస్తకాన్ని నేను మూడో తరగతి పిల్లలకు ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. గొర్రెపిల్ల దొరికిందని ఏడాది పొడుగునా నాయన చెప్పినవాటిలో నాకు గుర్తున్నవి మూడే చోట్లు. మిగతావేమైనా అమ్మకు తెలుసేమోనని ఫోన్ చేసి అడిగాను.

"మీరిద్దరూ బయట కూచుంటాంటిరి, నేను పొయ్యికాడ ఉంటి" అంది అమ్మ. "నేనేం వింటి?"