మైకులో కలిపిన వరుస

కుదరబోయే పెళ్లి సంబంధాన్ని చెడగొట్టడానికి మామూలుగా ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు. నేను ఎవరికీ ఆ శ్రమ ఇవ్వలేదు. నా సంబంధాన్ని నేనే చెడగొట్టుకున్నాను, అదీ మైకులో, మందమర్రి సగం ఊరు వింటుండగా.

అప్పట్లో నేను అక్కడి బొగ్గుబావి ఆఫీసులో గుమస్తాని. సుల్తానాబాద్‌లో వడ్ల వ్యాపారం చేసే రాజేశం గారి అమ్మాయి విజయను నాకు ఇచ్చే మాట నడుస్తున్నది. పిల్లను చూసి వచ్చాను. వచ్చిన దగ్గర నుంచి ఫైళ్లలో కూడా ఆ అమ్మాయి ముఖమే కనిపించేది. మధ్యవర్తి నా గురించి, "పిలగాడు దొరతోని ఇంగ్లీషుల మాట్లాడుతడు" అని చెప్పి ఉన్నాడు. అబద్ధమేమీ కాదు. మా ఆఫీసు పెద్ద దొర ఏదో అనేవాడు, నేను "ఎస్ సార్" అనేవాడిని. మా సంభాషణ ఎప్పుడూ అంతకు మించి పెరగలేదు.

నా ఉద్యోగం, ఉండే ఇల్లు చూసి ఖాయం చేద్దామని రాజేశం గారు తన తల్లినీ, కూతురినీ వెంటబెట్టుకుని వచ్చారు. సాయంత్రం మొదటి ఆటకు వాళ్లను డేరా టాకీసుకు తీసుకుపోయాను. భక్తి సినిమా చూపిస్తే అల్లుడి మీద గురి కుదురుతుందని నా ఆశ. తీరా పోతే, కరీంనగర్ బస్సులో రావలసిన రీళ్ల పెట్టె రాలేదనీ, దాని బదులు ఇంగ్లీషు నవ్వుల సినిమా వచ్చిందనీ డేరా యజమాని చెప్పాడు. జనం లేవబోయారు. రాజేశం గారు లేవలేదు.

"మన పిలగాడున్నడు గద, అర్థం చెప్తడు."

నేను నోరు తెరిచేలోపు యజమాని నా చేతిలో మైకు పెట్టాడు.

బొమ్మ మొదలైంది. తెరమీద ఒక దొరసాని పిల్ల ఒక కుర్రాడి నెత్తిన గొడుగుతో కొట్టింది. అతను ఆమె టోపీని తొక్కాడు. రాజేశం గారు అడగవలసిన ప్రశ్నే అడిగారు.

"గీ పోరి గా పిలగానికి ఏమైతది?"

వరుస తేలనిదే మా వైపు వాళ్లు సినిమా చూడరు. నేను ఆలోచించాను. కారణం లేకుండా కొట్టుకుంటున్నారు. ఆమె పళ్లెంలో రొట్టె అతను లాక్కున్నాడు, ఆమె గిల్లింది. నాకూ చెల్లెళ్లున్నారు. ఇక అనుమానం దేనికి? "వీళ్లిద్దరు అన్నాచెల్లెండ్లు" అని మైకులో ప్రకటించాను.

ఆ తర్వాత కథ దానంతటదే వచ్చింది. ఆ పిల్ల ఇల్లు విడిచి పారిపోయిందంటే, పెళ్లికి అన్నను పిలవలేదని అలిగి తనే తీసుకురావడానికి పోయింది. కోటుకు పువ్వు పెట్టుకున్న లావుపాటాయన పెళ్లికొడుకు. అన్న లేనిదే పీటల మీద కూర్చోనని ఆమె పంతం. అన్నాచెల్లెళ్లు బురదలో పడ్డారు, మేక తరిమితే చెట్టెక్కారు. బావి కార్మికులు పడిపడి నవ్వారు. అదే బొమ్మకు ఆడవాళ్ల వైపు నుంచి ముక్కు చీదిన చప్పుళ్లు వచ్చాయి. వానలో అతను తన కోటు ఆమెకు కప్పితే, ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్యన కట్టిన బట్ట వెనకనుంచి రాజేశం గారి తల్లి, "అన్నంటే గట్లుండాలె" అన్నది. నాకు గర్వంగా ఉంది. విజయ కూడా వింటున్నది కదా.

చివరి రీలులో పెళ్లి. పెళ్లికూతురు లావుపాటాయన్ని వదిలేసి కుర్రాడి వైపు పరుగెత్తింది.

"అన్న కాళ్లు మొక్కుతందుకు పోతుంది" అన్నాను.

ఆమె కాళ్లు మొక్కలేదు. మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకుంది, అదీ తీరికగా. అలాంటి చోట ఆపరేటరు మిషన్ ముందు చెయ్యి అడ్డం పెట్టడం మా డేరాలో రివాజు. ఆ రోజు పెట్టలేదు. తర్వాత నిలదీస్తే, "అన్నాచెల్లెండ్లని నువ్వే చెప్తివి గద సార్, చెయ్యెందుకు పెట్టాలె?" అన్నాడు.

తెరమీద ముద్దు ఇంకా నడుస్తూనే ఉంది. రాజేశం గారు మెల్లగా నా వైపు తిరిగారు.

"అన్నాచెల్లెండ్లు అంటివి."

"దూరపు అన్నాచెల్లెండ్లు" అన్నాను.

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. నేల టికెట్టు వాళ్లలోంచి ఎవరో నిదానంగా, "ఎంత దూరం?" అని అడిగారు. ఆ తర్వాత డేరా గుంజలు ఊగేలా జనం నవ్వారు.

బావామరదళ్లు అని ఉంటే సరిపోయేది. కొట్లాట, గిల్లుళ్లు, చివరికి పెళ్లి, అన్నీ మన ఇళ్లల్లో ఉన్నవే. ఆ ముక్క నాకు డేరా బయటికి వచ్చాక తట్టింది. అప్పటికే రాజేశం గారు చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఇంగ్లీషు రాకుంటే ఫికర్ లేదు, నాకూ రాదు. గని వరుసలు తెల్వనోనికి పిల్లనెట్ల ఇయ్యాలె?"

నాకు నిజంగా ఏడుపొచ్చింది. సమాధానం ముసలమ్మ చెప్పింది.

"ఇంగ్లీషు బొమ్మ చూపి నన్ను ఏడిపిచ్చిండు, పిల్లను నవ్విచ్చిండు. నువ్వు ఇన్నేండ్లల్ల మమ్ముల ఎన్నడన్న నవ్విచ్చినవా కొడుకా?"

ఆమె వెనక విజయ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకోలేక వంగిపోతున్నది. రాజేశం గారు కూతురిని చాలాసేపు చూశారు. ఇద్దరినీ తీసుకుని బస్సెక్కారు. కొన్నాళ్లకు ముహూర్తం పెట్టించామని కబురు వచ్చింది.

పెళ్లినాడు కూతురి చెయ్యి నా చేతిలో పెట్టబోతూ ఆయన ఆగారు.

"పిలగా, గీ పిల్ల నీకేమైతది? గట్టిగ చెప్పు, అందరు వినాలె."

"మీరు ఇచ్చేదాంక ఏమీ గాదు మామా" అన్నాను. జీవితంలో నేను సరిగ్గా చెప్పిన వరుస అదొక్కటే.

ఆ అగ్నిహోత్రం సాక్షిగానే ఇంకో ప్రమాణం కూడా చేసుకున్నాను. తెరమీద ఎవరు ఎవరికి ఏమవుతారో ఆట పూర్తయ్యేదాకా చెప్పను. ఈ రోజుకీ టాకీసులో విజయ నన్ను పొడిచి, "గాయన ఆమెకు ఏమైతడు?" అని అడుగుతుంది. నేను నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుంటాను.