నవ్వితే నవ్వనీ అన్న మా బావ

పోయిన నెల ఒక ఉదయం నాచారం నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేవట్లేదే" అంది. ఉప్పల్ నుంచి నేను పరుగున వెళ్ళేసరికి ఆయన పడుకున్న తీరులోనే ఉన్నారు. నిద్రలోనే వెళ్ళిపోయారు. ఏడ్చాం, బాగా ఏడ్చాం. అయినా ఆయన సంగతి చెప్పబోతే నాకు ముందు నవ్వే వస్తుంది.

మాది తెనాలి వైపు, బావది జనగామ వైపు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి పర్వతంలా ఉండేవారు కానీ ఇంట్లో ఎవరు తుమ్మినా కంగారే. అలాంటాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికిన బొచ్చు పిల్లిని ఇంటికి తెచ్చుకున్నారు. నల్లగా ఉందని మిరియం అని పేరు పెట్టారు.

ఒక ఆదివారం భోజనాలప్పుడు మిరియం మెడ సాచి, ఖక్ ఖక్ మని పొడుగాటి ముద్దొకటి కక్కింది. బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో, దీని పేగే బయటికొచ్చింది గదనే! మరదలా, జల్ది ఆటో పిలువు!"

పిల్లి కక్కినదాన్ని అక్క టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, పిల్లిని చంకన వేసుకుని బావ ఉప్పల్‌లో జంతువుల డాక్టరు దగ్గరికి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. డాక్టరు మూత తీసి చూసి పగలబడి నవ్వాడు.

"పేగు కాదండీ, వెంట్రుకలు. ఒళ్ళంతా నాక్కుంటుంది కదా, కడుపులో ఉండ కట్టినవి అప్పుడప్పుడు ఇలా కక్కేస్తుంది. కక్కాక మామూలుగా తిని ఆడుకుంటే భయం లేదు, రోజూ దువ్వండి చాలు. కానీ మాటిమాటికీ వాంతులైనా, ఎంత కక్కబోయినా ఏమీ రాకపోయినా, తిండి మానేసి నీరసంగా పడి ఉన్నా, రక్తం కనిపించినా ఆగకుండా తీసుకురండి."

అక్కడ కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా బావే నవ్వారు. అక్క మాత్రం ఆ డబ్బాను మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఆ రోజు నుంచి సాయంత్రమైతే బావ మెట్ల మీద కూర్చుని మిరియానికి తల దువ్వినట్టు ఒళ్ళంతా దువ్వేవారు. "నాకైతే జుట్టు లేదాయె, దీన్దన్న దువ్వనీయుండ్రి" అని తన బట్టతల తడుముకునేవారు.

కొన్నాళ్ళకు, ఒక వానాకాలం పొద్దున, మిరియం మళ్ళీ కక్కబోయింది. ఏమీ రాలేదు. కాసేపటికి మళ్ళీ అంతే. చేప ముక్క వాసన కూడా చూడలేదు, తాగిన నీళ్ళు కక్కేసి మంచం కిందికి దూరిపోయింది.

"వెంట్రుకలేనండీ, అదే కక్కేస్తుంది. మళ్ళీ అందరి చేతా నవ్వించుకుంటారా?" అంది అక్క.

"నవ్వితే నవ్వనీ తియ్. నవ్వితే నాకేం నొప్పి గాదు, దానికి నొస్తున్నదేమో" అంటూ బావ మంచం కిందికి పాకారు.

ఈసారి డాక్టరు నవ్వలేదు. స్కాన్ తీసి, వెంట్రుకల ఉండ పేగులో అడ్డం పడిందని ఆపరేషన్ చేశాడు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వెళ్ళేసరికి బావ బయట బల్ల మీద మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుని ఉన్నారు. డాక్టరు వచ్చి, "సమయానికి తెచ్చారు, బతికింది" అన్నాడు.

"గట్లయితే ఇప్పుడు జర నవ్వుండ్రి సార్" అన్నారు బావ, కళ్ళు తుడుచుకుంటూ. డాక్టరు నవ్వాడు.

ఆ తర్వాత వాళ్ళ వీధిలో పిల్లులున్న వాళ్ళందరికీ బావే దిక్కయ్యారు. ఎవరొచ్చినా ఒకటే అడిగేవారు: "తిన్నదా? ఆడుతున్నదా?" అవునంటే "ఫికర్ జేయకుండ్రి" అని చాయ్ ఇచ్చి పంపేవారు. కాదంటే మారుమాట లేకుండా చెప్పులేసుకుని వెంట వెళ్ళేవారు.

కర్మకాండ అయిపోయి చుట్టాలు వెళ్ళిన మర్నాడు, రెండు వీధుల అవతలి ఆమె తువ్వాలులో పిల్లిని చుట్టుకుని వచ్చింది. "అన్న ఉన్నడా అక్కా?" అంది. ఆమెకు తెలియదు. నేను చెప్పబోతుంటే అక్క లేచి వచ్చింది.

"తిన్నదా?"

"నిన్నటి సంది ఏం ముట్టలే. ఊకె కక్కుతున్నది."

అక్క తువ్వాలు తొలగించి చూసింది. "మిరియానికి పాలు పొయ్యవే" అని నాకు చెప్పి, ఆమెతో కలిసి ఆటో ఎక్కింది. వీధి చివర లారీ అడ్డంగా ఉంది. ఒంటరిగా కూరల బండి దాకా కూడా వెళ్ళని మా అక్క, ఆటోలోంచి సగం బయటికి వంగి, చెయ్యి ఊపుతూ, "జరగండీ, జరగండీ!" అని అరుస్తోంది. లారీ మెల్లగా వెనక్కి జరిగింది.